దహన వాటిక కాయిళ్లను తూచి చూసేవాళ్లే లేరా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో విద్యుత్ దహన వాటిక మళ్లీ మూతపడిన వార్త చదివి ఊరుకున్నాను. ఆదివారం నాడు మున్సిపల్ అధికారుల వివరణ చూశాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. ‘వాడకం ఎక్కువై, విపరీతమైన వేడికి కాయిళ్లు కరిగిపోయాయి’ అని సెలవిచ్చారు. కాయిళ్లంటే కరెంటుతో ఎర్రగా కాలి గదిని వేడిచేసే తీగ చుట్టలు. కొలిమి కాయిల్‌కు వేడి ఎక్కువైందనడం, చేపకు నీళ్లు ఎక్కువై జలుబు చేసిందన్నట్టుంది. దానికి తోడు మీ విలేకరి వాటిని ‘టంగ్‌స్టన్ కాయిళ్లు’ అని రాశారు. టంగ్‌స్టన్ బల్బులో నిలిచేది లోపల గాలి లేదు కాబట్టి. గాలి ఆడే కొలిమిలో ఎర్రగా కాల్చితే అది పసుపు పొడిగా మారి రాలిపోతుంది. ఒకప్పుడు ఇలాంటివి డెస్కులోనే ఎవరో ఒకరు దిద్దేవారు.

అక్కడ ఉండాల్సింది నైక్రోమ్. ఐదు పాళ్లలో నాలుగు నికెల్, ఒకటి క్రోమియం. ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంట్ తీసుకున్న ఈ మిశ్రమం ఇంట్లో ఇస్త్రీపెట్టె నుంచి ఫ్యాక్టరీ కొలిమి దాకా నూరేళ్లు దాటి పనిచేస్తోంది. ఇది కరిగేది సుమారు 1400 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర. తీగ వేడి 1200 దాకా గాలిలో భరిస్తుంది. దహన గది నడిచేది 800 నుంచి 1000 మధ్యలో. మరి కరగడానికి అక్కడేమైనా సూర్యుణ్ణి దించారా?

నైక్రోమ్ తట్టుకునే తీరు ఇదీ. మొదటి కాపులోనే పైన క్రోమియం ఆక్సైడ్ పొర పలుచగా, గట్టిగా పట్టుకుంటుంది. ఆక్సిజన్ లోపలికి పోకుండా అదే అడ్డం. కాలుతూ చల్లారుతూ ఉంటే పొర ఒకలా, లోహం ఒకలా సాగి కుంచించుకుని, పొర పొలుసులుగా లేస్తుంది. లేచినచోట కొత్త పొర కోసం తీగ తన క్రోమియాన్నే ఖర్చు చేసుకుంటుంది. మంచి తయారీదారులు అందుకే కాస్త సిలికాన్, చిటికెడు అరుదైన మృత్తికా లోహాలు కలుపుతారు, పొర అంటిపెట్టుకుని ఉండటానికి. కాబట్టి తీగను తినేది వాడకం కంటే ఆపి ఆపి వెలిగించడం. రోజూ వరసగా నడిచే కొలిమి కంటే వారానికి రెండుసార్లు, మధ్యలో కరెంటు కోతలతో నడిచేదే త్వరగా పోతుంది. ‘వాడకం ఎక్కువై’ అన్న మాట ఇక్కడే తేలిపోయింది.

అసలు జబ్బు ఎస్టిమేటులో ఉంది. ఇలాంటి పనులకు ఎస్టిమేటు ఎలా రాస్తారో అందరికీ తెలిసిందే: ‘హీటింగ్ కాయిళ్ల సరఫరా, బిగింపు, 1 సెట్’. అంతే. ఏ మిశ్రమమో లేదు, తీగ మందం లేదు, ఎన్ని ఓములో (కరెంటుకు తీగ ఇచ్చే నిరోధం కొలత) లేదు, ఎన్ని కిలోలో లేదు. పెళ్లికి ‘బంగారం, 1 సెట్’ అని రాసుకుని ఎవరైనా కొంటారా? ఆపైన ఎవడు తక్కువకు కోట్ చేస్తే వాడికే పని. నికెల్ ఖరీదైనది. ఆ ధరకు ఎవడిస్తాడు 80 పాళ్ల నికెల్? 60 పాళ్లదిస్తాడు. అసలు నికెలే లేని ఇనుము–క్రోమియం–అల్యూమినియం తీగ ఇస్తాడు. మరీ తెగించినవాడు స్టెయిన్‌లెస్ తీగే చుట్టి పంపుతాడు. కొత్తగా ఉన్నప్పుడు అన్నీ మెరుస్తాయి.

కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కిరాణా కొట్టు త్రాసు, మందం కొలిచే మైక్రోమీటరు, అయస్కాంతం, ఓమ్ మీటరు చాలు. 5 మిల్లీమీటర్ల నైక్రోమ్ 80/20 తీగ మీటరుకు 165 గ్రాములు తూగుతుంది. స్టెయిన్‌లెస్ అయితే 156, ఇనుము–క్రోమియం–అల్యూమినియం అయితే 140. తూచే ముందు మందం కొలవాలి సుమా! మందం 0.1 మిల్లీమీటరు తగ్గినా నైక్రోమే 158కి దిగుతుంది, అదీ ఒక దొంగతనమే. చల్లగా ఉన్నప్పుడు అయస్కాంతం అంటుకుంటే అది ఇనుము–క్రోమియం–అల్యూమినియం. అంటుకోనంత మాత్రాన నైక్రోమ్ అనుకోకూడదు, 304 రకం స్టెయిన్‌లెస్‌కూ అంటుకోదు. అక్కడ ఓములు తీర్పు చెబుతాయి. ఇదే తీగ 90 మీటర్ల చుట్టకు నైక్రోమ్ అయితే 5 ఓములు, స్టెయిన్‌లెస్ అయితే 3.3, నికెల్ లేనిదైతే 6.6 పైన. చిన్న ముక్కను మామూలు మీటరుతో కొలవొద్దు, మీటరు తీగల నిరోధమే లెక్క పాడుచేస్తుంది. చుట్ట మొత్తం కొలవాలి. ఇక 80 పాళ్లా 60 పాళ్లా అన్నది బరువుకూ ఓములకూ దొరకదు. దానికి ఏ లోహం ఎంతుందో చెప్పే, చేతిలో పట్టుకునే ఎక్స్‌రే గన్ ఉంది. పెద్ద స్క్రాప్ వ్యాపారుల దగ్గరే ఉంటోంది, మున్సిపాలిటీకి దొరకదా?

ఓములు తేడా వస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే పెట్టినరోజు అన్నీ వెలుగుతాయి, ఫొటోలూ దిగుతారు. 230 వోల్టుల మీద 5 ఓముల చుట్ట పదిన్నర కిలోవాట్లు తీసుకుంటుంది. అదే కొలతకు స్టెయిన్‌లెస్ పెడితే స్విచ్ వేయగానే 16 కిలోవాట్లు లాగుతుంది. కాంటాక్టర్లు (కరెంటు వేసి తీసే పెద్ద స్విచ్‌లు) అంటుకుపోతాయి, ఫ్యూజులు ఎగురుతాయి. అప్పుడు ఎలక్ట్రీషియన్ చేసే వైద్యం పెద్ద ఫ్యూజు వేయడం. పైగా 304 స్టెయిన్‌లెస్ ఆగి ఆగి కాలే చోట 870 డిగ్రీలు దాటితే పొలుసులు రాల్చేస్తుంది. నికెల్ లేని తీగ పెడితే 8 కిలోవాట్లే వస్తాయి. గది వేడెక్కదు, గంటన్నర పని మూడు గంటలవుతుంది, పొగ వస్తుంది. నైక్రోమ్‌కు ఉన్న పెద్ద గుణం చల్లగా ఉన్నా ఎర్రగా కాలినా దాని నిరోధం ఐదారు శాతానికి మించి మారకపోవడం.

నికెల్ లేని తీగను నేను తిట్టడం లేదు. మంచి రకమైతే 1400 డిగ్రీలకూ పోతుంది, గంధకాన్నీ నైక్రోమ్ కంటే బాగా ఓర్చుకుంటుంది. కానీ దాని కొలతలు వేరు, ఎర్రగా కాలినప్పుడు దానికి సత్తువ తక్కువ. సిరామిక్ ఆధారం లేకపోతే చీరకొంగులా జారిపోతుంది. పైగా ఒకసారి బాగా కాలాక చల్లటి తీగను వంచబోతే కొబ్బరి పుల్లలా పుటుక్కుమంటుంది. నైక్రోమ్ మెత్తగానే ఉంటుంది, తెగినచోట అదే మిశ్రమం పుల్లతో ఆర్గాన్ వెల్డింగ్ చేసుకోవచ్చు. ఏది పెడుతున్నారో తెలిసి పెట్టమనే గొడవంతా.

గంధకం మాట వచ్చింది కాబట్టి, ‘కరగడం’ ఒక్క సందర్భంలో నిజం కావచ్చు. రబ్బరులో గంధకం ఉంటుంది. అది కాలితే నికెల్‌తో కలిసి 640 డిగ్రీల లోపే కరిగే మిశ్రమం కడుతుంది. తీగ మీద ముత్యాల్లాంటి బొట్లు కనిపిస్తే అది గంధకం పనే. శవంతో పాటు ఫోమ్ పరుపు, రబ్బరు చెప్పులు, ఆసుపత్రి ప్లాస్టిక్ సంచి, ప్లాస్టిక్ పూలదండ అన్నీ లోపలికి తోస్తారు. పీవీసీ నుంచి వచ్చే క్లోరిన్ క్రోమియం పొరను కొరికేస్తుంది. గేటు దగ్గర ఒక బోర్డు, సంచి విప్పించే ఒక మనిషి ఉంటే చాలు. ఎమ్మెల్యే గారి ఫొటోతో ఉన్న బోర్డుకు మాత్రం లోటు లేదు.

ఇంకో దొంగ థర్మోకపుల్, అంటే కొలిమి వేడిని కొలిచే తీగల జంట. టైప్ కె అంటే అదీ రెండు నికెల్ మిశ్రమాల తీగలే, 1000 డిగ్రీలకు 41.3 మిల్లీవోల్టులు ఇస్తుంది. గాలి చాలని ఇరుకు తొడుగులో ఏళ్ల తరబడి ఉంటే దాని క్రోమియం మాత్రమే తరిగిపోయి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అది 40 తక్కువ చూపితే కంట్రోలర్ కొలిమిని 40 ఎక్కువ తోలుతుంది. ప్యానెల్ దాకా దాని సొంత కేబుల్ బదులు మామూలు రాగి వైరు లాగేస్తే మరో తప్పు. థర్మోకపుల్ తల దగ్గర 80, ప్యానెల్ గదిలో 35 ఉంటే ఆ 45 డిగ్రీలు లెక్కలోంచి మాయం. పాపం, కాయిల్ మీద నింద.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ప్రత్యేక లోహాలు చేసే ప్రభుత్వ సంస్థ మిధాని 1973లో పుట్టింది. రాకెట్లకూ యుద్ధ విమానాలకూ కావలసిన, తీవ్రమైన వేడికి ఓర్చే నికెల్ సూపర్ అల్లాయ్‌లు అక్కడ పోస్తున్నారు. పక్కనే ఉన్న రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, ఒకే స్ఫటికంగా పోతపోసిన 60 నికెల్ మిశ్రమ టర్బైన్ బ్లేడ్లను హెలికాప్టర్ ఇంజిన్ కోసం విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు ఇచ్చినట్టు 2021లో ప్రకటించారు. అణు విద్యుత్ కేంద్రాల ఆవిరి జనరేటర్లకు నికెల్ కలిసిన అల్లాయ్ 800 గొట్టాలు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నుంచి వెళ్తున్నాయి. అక్కడ ప్రతి దుంగకూ ఏ పోతలోదో చెప్పే హీట్ నంబరు, పరీక్షా పత్రం ఉంటాయి. ఇంత విద్య ఉన్న గడ్డ మీద, మనిషిని ఆఖరిసారి సాగనంపే కొలిమికి తీగ కొనేటప్పుడు పరీక్షా పత్రం అడిగే నాథుడు లేడు. మెజర్‌మెంట్ బుక్‌లో ‘బాగున్నది’ అని ఒక సంతకం.

ఈసారి టెండరులో ‘నికెల్–క్రోమియం 80/20, మందం ఇంత, చుట్టకు ఇన్ని ఓములు, ఇన్ని కిలోలు, చివరల అడ్డుకోత వైశాల్యం తీగకు కనీసం మూడు రెట్లు’ అని ఒక్క వాక్యం రాయించండి. చివరలు సన్నగా ఉంటే గోడలోనే ఎర్రబడి ఇనుప బోల్టు దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. సగం పాత తీగ, సగం కొత్త తీగ అతికించే పొదుపూ వద్దు. అరిగిన చోట నిరోధం పెరిగి అక్కడే ముందు తెగుతుంది.

చివరగా అధికారులకు ఒక ప్రశ్న, మీ విలేకరి అడిగి రాస్తే మరీ సంతోషం. ఇన్నిసార్లు తీసేసిన పాత కాయిళ్లు ఎక్కడున్నాయి? నిజంగా నైక్రోమే అయితే ఒక్కో చుట్ట 15 కిలోలకు దగ్గర, అందులో 12 కిలోలు నికెల్. తుక్కుకూ మంచి ధర పలుకుతుంది, స్టాకు రిజిస్టరులో ఉండాలి. ఉంటే ఒక ముక్క మీద మసి ఆకురాయితో గీకి ఎక్స్‌రే గన్ కింద పెట్టించండి. లేకపోతే ఎవరు పట్టుకెళ్లారో చెప్పించండి.

ఇట్లు,
కొలిముల పని తెలిసిన ఒక పాఠకుడు