కొత్త స్కేట్‌పార్క్‌కి ఆడపిల్లల్ని కూడా పంపండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం,

పోయిన శనివారం పొద్దున్నే ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని మున్సిపల్ పార్క్ వెనక కొత్తగా కట్టిన స్కేట్‌పార్క్‌కి తీసుకెళ్ళాం, ఫొటోలు క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో చూసే ఉంటారు. చాలామంది ఫోన్ చేసి బాగుందన్నారు, సంతోషం. కానీ ఆ ఫొటోల్లో ఆడపిల్లలు చాలా తక్కువమంది ఉన్నారు, అది నా మనసులో ఉండిపోయింది, అందుకే ఈ నెల ఉత్తరం అంతా దీని గురించే రాస్తున్నా.

ముందు అక్కడ ఏముందో చెప్తా, ఎందుకంటే చాలామంది రోలర్ స్కేటింగ్ రింక్ అనుకుంటున్నారు. అది వేరు, ఇది వేరు. రింక్ అంటే చదునైన నేల. ఇక్కడ నున్నటి కాంక్రీట్‌తో ఏటవాలు గోడలు, ర్యాంపులు, నాలుగు మెట్లు, స్కేట్‌బోర్డ్‌తో (కింద నాలుగు చక్రాలుండే పలక, బోర్డ్ అంటే అదే) జారడానికి వేసిన ఇనప రెయిల్, ఆ చివర గుండ్రంగా లోతుగా ఉండే బౌల్. ఈ బౌల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలకి చెప్తే కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు: 1970లలో కాలిఫోర్నియాలో కరువొచ్చి ఇళ్ళల్లో స్విమ్మింగ్ పూల్స్ ఖాళీ అయిపోతే అక్కడి కుర్రాళ్ళు వాటిలోకి దిగి స్కేట్ చేశారు, అప్పటికే యూరిథేన్ అనే పట్టున్న ప్లాస్టిక్‌తో చేసిన చక్రాలు వచ్చాయి కాబట్టి గోడ మీద కూడా పట్టు దొరికింది.

మొదటి అరగంట కోచ్ ఎవర్నీ ర్యాంప్ ఎక్కనివ్వలేదు, పడటమే నేర్పించారు. అవును, పడటం. మోకాళ్ళు వంచి కిందకి తగ్గి, అరచేతులు నేలకి ఆన్చకుండా భుజం మీదుగా దొర్లాలి, చెయ్యి చాపి పడితే మణికట్టు మీద బరువంతా పడుతుంది. ఆ తర్వాతే బోర్డ్ మీద నిలబడటం, ఏ కాలు ముందు పెడితే హాయిగా ఉందో చూసుకోవడం, మెల్లగా తొయ్యడం. మోచేతులు కొంచెం గీసుకున్నవాళ్ళు ఉన్నారు, అంతకుమించి ఏం కాలేదు, హెల్మెట్, మోకాలి ప్యాడ్, రిస్ట్ గార్డ్ లేకుండా ఎవర్నీ బోర్డ్ ఎక్కనివ్వం.

నాకు అన్నిటికంటే నచ్చింది వరస. ఒకేసారి ఇద్దరు ర్యాంప్ దిగితే గుద్దుకుంటారు కాబట్టి ఒకళ్ళు దిగి పక్కకి తప్పుకునేదాకా అందరూ పైన ఆగాల్సిందే. పక్క కాలనీ నుంచి వచ్చిన పిల్లలు కొందరికి బోర్డే లేదు, మనవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఇచ్చారు, గంటలో పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. పబ్లిక్ పార్క్ కదా, టికెట్ లేదు, అది అందరిదీ.

ఇక ఆడపిల్లల సంగతి. పర్మిషన్ ఫారం ఎందుకు ఇవ్వలేదని అడిగితే కొందరు అమ్మలు ఎండకి నల్లబడుతుందన్నారు, కొందరు మగపిల్లలు ఉంటారుగా అన్నారు, దెబ్బ తగిలి మచ్చ పడితే రేపు పెళ్ళి టైంలో అని ఒక నాన్నగారు అన్నారు. మీ భయం నాకర్థమవుతుంది, కొట్టిపారెయ్యట్లేదు. కానీ మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర జన్వార్ అనే చిన్న పల్లె ఉంది, 2015లో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ ఆవిడ అక్కడ స్కేట్‌పార్క్ కట్టించి రెండే రూల్స్ పెట్టారు: బడికి వెళ్ళకపోతే స్కేటింగ్ లేదు, అమ్మాయిలకే ముందు ఛాన్స్. అంతకుముందు కలిసి ఆడని ఆదివాసీ పిల్లలు, యాదవుల పిల్లలు అక్కడ కలిసి ఆడారు. ఆ ఊరి ఆశా గోండ్ అనే అమ్మాయి 2018లో చైనాలోని నాన్జింగ్‌లో ప్రపంచ పోటీల్లో మన దేశం తరఫున దిగింది. ఇంకోటి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల స్ట్రీట్ స్కేట్‌బోర్డింగ్‌లో (మెట్లు, రెయిల్స్ మీద చేసే పోటీ) బంగారం గెల్చిన జపాన్ మొమిజి నిషియాకి, వెండి గెల్చిన బ్రెజిల్ రైసా లియల్‌కి, ఇద్దరికీ అప్పుడు 13 ఏళ్ళే. మన ఎనిమిదో తరగతి వయసు! మీ అమ్మాయి ఒలింపిక్స్‌కి వెళ్ళాలని కాదు నేననేది, ఆ వయసులో తన ఒంటి మీద తనకి నమ్మకం వస్తుంది, అది ఇంట్లో కూర్చోబెడితే రాదు.

అందుకని వచ్చే శనివారం నుంచి మన దగ్గర కూడా అదే పద్ధతి, మొదటి గంట అమ్మాయిలకే. పీఈటీ మేడమ్ ఉంటారు, నేనూ ఉంటా, అమ్మలు ఎవరైనా వచ్చి గట్టు మీద కూర్చుని చూడొచ్చు, బోర్డ్ ఎక్కాలనిపిస్తే ఎక్కొచ్చు కూడా. ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగిస్తాం, ఆ తర్వాత కాంక్రీట్ కాలిపోతుంది. వాన పడితే క్యాన్సిల్, తడి మీద చక్రాలు జారతాయి.

ఫుల్ ప్యాంట్, అడుగు చదునుగా ఉండే బూట్లు, నీళ్ళ సీసా చాలు. కాలి పట్టీలు, చున్నీ వద్దు. జడ కిందకి వెయ్యండి, పైకి ముడేస్తే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. కనుబొమల పైన టేప్ చుట్టి కొలిచి ఆ కొలత ఫారం వెనక రాయండి, ఆస్తమా, ఫిట్స్ లాంటివి ఏమైనా ఉంటే అదీ రాయండి. గురువారం లోపు క్లాస్ టీచర్‌కి ఇస్తే హెల్మెట్లు సైజ్ ప్రకారం సర్దుకుంటాం.

మీ
హెడ్మిస్ట్రెస్