పెరటి కోళ్లని చెప్పి అమ్మిన పిల్లల ఆయుష్షుపై ఫిర్యాదు

పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా
12 జూన్ 2025

మేనేజర్ గారికి,
కోడిపిల్లల అమ్మకాల విభాగం

విషయం: రెండేళ్లు నిండకుండానే చనిపోతున్న పెట్టల గురించి

అయ్యా,

2023 ఆగస్టులో పాతపట్నంలోని మీ ఏజెంటు దగ్గర 30 పెట్టపిల్లలు కొన్నాను. 'పెరటి కోళ్లు, ఏడాదికి 280 గుడ్లు' అని మీ కరపత్రంలో ఉంది. గుడ్ల మాట నిజమే. గుడ్లకు వచ్చాక మొదటి ఏడాదంతా రోజూ బుట్ట నిండింది. ఈ రోజుకు మిగిలిన పెట్టలు మాత్రం 11. కొక్కెర తెగులు టీకాలు వేళ తప్పకుండా వేయించాను. నూకలు, తౌడుతో పాటు ఆల్చిప్పల పొడి కూడా పెట్టాను. కుక్కలు పట్టుకుపోయినవి రెండే. తక్కిన 17 గూటిలోనే పోయాయి.

మే నెలలో ఎర్రపెట్ట వరసగా గట్టి పెంకు లేని తోలుగుడ్లు పెట్టింది. ఆ తరువాత తోక వాల్చి, కడుపు నేలకు దించుకుని, మూడు రోజులు గూటి మూలన నిలబడింది. పిడికెడు నూకలు చేతిలో పెట్టి చూపినా ముక్కు తాకించలేదు. చనిపోయాక పశువైద్యుడు కోసి చూపించారు: కడుపు నిండా గడ్డకట్టిన పచ్చసొన. తిన్నగా ఉండాల్సిన రొమ్ము ఎముక కొడవలిలా వంగిపోయింది. ఒక్క గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలట. మేతలో చాలకపోతే పెట్ట తన ఎముకల్లోంచే తీసుకుంటుందని ఆయన చెప్పారు. అడవికోడి ఏడాదికి 10–15 గుడ్లు పెట్టి ఊరుకుంటుంది. దాని సంతతి చేత 280 పెట్టిస్తున్నారు, ఒళ్లు ఎలా తట్టుకుంటుంది?

మా అత్తగారి నాటుపెట్టకు ఇది ఆరో ఏడు. ఏడాదికి 50 గుడ్లు దాటదు. కానీ తానే పొదుగుతుంది, పిల్లలను తానే తిప్పుకుంటుంది. గద్ద నీడ పడగానే అది కూత వేస్తే పెరట్లో కోళ్లన్నీ కరివేపాకు చెట్టు కిందికి దూరతాయి, మీ పెట్టలతో సహా.

అందరూ నాటుకోళ్లే పెంచాలని నేను అనడం లేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. మీరూ ఆ దృష్టితో తల్లులను ఎంచుకోవచ్చు. ఏడాది నిండని పెట్టల గుడ్లు పొదిగిస్తే, రెండో ఏట వాటిని కూల్చే లోపం మీకు ఎలా కనబడుతుంది? మూడో ఏట కూడా ఆరోగ్యంగా తిరుగుతూ గుడ్లు పెట్టే పెట్టల నుంచి, వాటి కొడుకుల నుంచి జాతి కట్టండి. గుడ్లు 150కి తగ్గినా ఫరవాలేదు, పిల్లకు రెట్టింపు ధర ఇచ్చి కొంటాను. మా వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్లు అదే మాట అన్నారు. అప్పటిదాకా ఈ పిల్లలను పెరటి కోళ్లని చెప్పి అమ్మకండి. ఎంతకాలం బతుకుతాయో కరపత్రంలో రాయండి.

డబ్బు వాపసు అడగడం లేదు. నాకు అమ్మిన పిల్లల తల్లులకు అప్పుడు వయసెంత, వాటిలో ఇవాళ ఎన్ని బతికి ఉన్నాయి? ఈ రెండింటికీ రాతపూర్వకంగా జవాబు పంపండి.

ఇట్లు,
మీ వినియోగదారు