మా బంచరాయిలో తంగేడే మిగిలింది, మంత్రి గారూ

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను హన్మకొండ జిల్లాలో రెండు బర్రెలు, ఒక ఆవు ఉన్న చిన్న రైతును. బతుకమ్మ పండుగ ముందు మీరు మా ఊరి బంచరాయికి, అంటే ఊరందరి పశువులు మేసే ఉమ్మడి బీడుకు, వస్తే కళ్లు చెదురుతాయి. ఎటు చూసినా పసుపుపచ్చగా తంగేడు పూలే. రాష్ట్ర పుష్పం కదా, ఫొటోలకు భలే ఉంటుంది. కానీ తంగేడును పశువు ముట్టదు. అది అంత గుబురుగా లేచిందంటే కింద గడ్డి పోయిందని అర్థం. తినేదాన్ని మొదలు దాకా కొరికేశాయి, తినని తంగేడు, వయ్యారిభామ మిగిలాయి.

శాఖ ఏమీ చేయలేదని అనను. సబ్సిడీ మీద పశుగ్రాస విత్తనాలు ఇస్తున్నారు. అవి బోరు ఉన్నోళ్లకు పనికొస్తాయి. 2017లో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచారు. మందలు పెరిగాయి, బంచరాయి పెరగలేదు.

మూడేళ్ల కింద మా ఊరి బంచరాయిలో చల్లడానికి స్టైలో అనే పశుగ్రాసం విత్తనం వచ్చింది. అదీ ఆగస్టు చివర, మంచి వానలన్నీ పోయాక. సంచి విప్పి చల్లి వెళ్లిపోయారు. స్టైలో గింజకు పొట్టు గట్టి, అలాగే చల్లితే చాలా గింజలు మొలవవు. మొలిచిన నాలుగు మొక్కలనూ మేకలు పది రోజుల్లో నాకేశాయి. మిగిలిన గుప్పెడు గింజలు నేను ఇంటికి తెచ్చాను. మరుసటి జూన్‌లో బగోనలో నీళ్లు మరగబెట్టి, దించి, కాస్త వేడి తగ్గాక అందులో నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చల్లని నీళ్లలో నానబెట్టాను. చెల్క గట్టు మీద చల్లి పైపైన మన్ను కప్పితే వారంలో చిన్న చిన్న మూడాకులు లేచాయి. కాయ రాలి దానంతట అదే మొలుస్తోంది, మళ్లీ గింజ కొననే లేదు.

స్టైలో పప్పుజాతి మొక్క. కంది, పెసర లాగే వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి పెడుతుంది, పక్కనున్న అంజన్ గడ్డికీ అందుతుంది. యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టుకునే మాకు ఇది చిన్న సంగతి కాదు. ఒక్క గడ్డే ఉంటే ఎండాకాలంలో పీచు తప్ప ఏముండదు, రెండూ కలిస్తే మేతలో మాంసకృత్తులూ ఉంటాయి.

అయితే విత్తనం కన్నా ముఖ్యం, మేపకుండా భూమికిచ్చే విరామం. బంచరాయి మొత్తం ఒకేసారి మూసేస్తే గొల్ల కురుమలు మందలను ఎక్కడికి తోలాలి? గొడవలవుతాయి, రాత్రికి రాత్రి కంచె పోతుంది. అందుకే నాలుగు భాగాలు చేయండి. ఏడాదికి ఒక పావు వంతే విత్తి, స్టైలో గింజ రాలే దాకా, అంటే డిసెంబరు దాకా, మేపకుండా ఉంచాలి. ఆ భాగంలో కోసిన గడ్డి ముందు మందలవాళ్లకే ఇవ్వాలి. నాలుగూ పూర్తయ్యాక మంద ఒకచోట, మిగతా మూడు చోట్లా గడ్డి తేరుకుంటుంది. గడ్డి ఎత్తు బెత్తెడు కన్నా తగ్గకముందే మందను పక్క భాగానికి మళ్లించాలి. ఎప్పుడు మళ్లించాలో కాపరులే చెప్పాలి, వాళ్లకు తెలిసినంత మన ఆఫీసర్లకు తెలియదు, ఏమనుకోకండి.

డబ్బు లేదనకండి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం జాతీయ పశుధన మిషన్‌ను సవరించి, బీడు భూముల్లో మేత పెంచడానికి రాష్ట్రాలకు సాయం చేస్తామంది. చుట్టూ కందకం ఉపాధి పనుల్లో తవ్వించవచ్చు. ఒక కాపలా మనిషికి రెండు వానాకాలాల జీతం ఇప్పించండి. దానికన్నా ముందు సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి, ఎందుకంటే ఒక మూల ఇప్పటికే పత్తి చేనయింది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

వచ్చే ఏడు రోహిణి కార్తెలో విత్తనం మా ఊరికి చేరేలా చూడండి. వేడినీళ్లు మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
హన్మకొండ జిల్లా పాడి రైతు