‘అపర్ణ’ పేరుపై సందేహం తీర్చిన పెద్దలకు కృతజ్ఞతలు

పాపకు అపర్ణ అని పెడదామనుకోగానే ఇంట్లో ఒక అభ్యంతరం వచ్చింది: “ఆకు కూడా లేనిదని అర్థం కదా, ఆడపిల్లకు లేమిని చెప్పే పేరెందుకు?” ప్రమాణాలతో సహా జవాబిచ్చిన సంస్కృతం మాస్టారికి, పురోహితులవారికి, లలితా పారాయణం చేసే పెద్దమ్మలకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు. ఇదే సందేహం ఉన్నవారి కోసం వారు చెప్పినవి ఇక్కడ పెడుతున్నాం.

పర్ణం అంటే ఆకు. తమంతట రాలిన ఆకులు తిని బతకడమే తపస్సుకు పరాకాష్ఠ. పార్వతి దాన్నీ విడిచిపెట్టింది కనుకే పురావిదులు (పాతకథలు తెలిసినవారు) ఆమెను అపర్ణ అన్నారని కాళిదాసు కుమారసంభవం 5వ సర్గలో చెప్పాడు. ఆ లేమి ఆమె కోరి పట్టిన నియమం. హరివంశంలోనైతే హిమవంతుడి భార్య మేనకు ముగ్గురు కూతుళ్లు: ఒక్క ఆకుతో గడిపినది ఏకపర్ణ, ఒక్క పాటలంతో (పాదిరి పువ్వుతో) గడిపినది ఏకపాటల, ఏదీ ముట్టనిది అపర్ణ.

మాకు అన్నిటికన్నా నచ్చింది లలితా సహస్రనామంలోని వరస. “మహాగ్రాసా మహాశనా” అన్న వెంటనే “అపర్ణా” వస్తుంది. సర్వాన్నీ ఆరగించే తల్లే ఆకైనా ముట్టనిది! అక్కడ ఆ సహస్రనామానికి వ్యాఖ్య రాసిన భాస్కరరాయలు ఇంకో అర్థమూ చెప్పాడు: అప + ఋణ, గుణసంధితో అపర్ణ, అంటే ఋణం లేనిది. భక్తుడు కోరింది ఇవ్వకుండా బాకీ ఉంచుకోదన్నమాట. శంకరుల పేరిట ఉన్న ఆనందలహరిలో ఆమె ఆకులేని తీగ. అది అల్లుకుంటే పాత మోడు కూడా కైవల్యం (మోక్షం) కాస్తుందట. ఆ శ్లోకంలో మోడుకు వాడిన మాట స్థాణువు; స్థాణువు అంటే మోడు, శివుడు కూడా.

కృత్తిక 1వ పాదానికి అక్షరం ‘అ’, కాబట్టి ఆ పాదంలో పుట్టిన పిల్లకు జన్మాక్షరమూ కుదురుతుంది. అమ్మవారి కొడుకు కుమారస్వామికి పాలిచ్చినవారు కృత్తికలే కావడం మాకు మరీ ఆనందం.

అర్చనలో “ఓం అపర్ణాయై నమః” అనాలి. “అపర్ణాయ” అంటే పుంలింగమైపోతుంది. తెలుగులో చివర పొట్టి అచ్చే: అపర్ణ. కొందరు ‘అపర్న’ అని రాస్తారు. సంస్కృతంలో ర తరువాతి న ఇక్కడ ణ అయింది, ణ వత్తే రాయాలి. బారసాలలో బియ్యం పళ్లెంలో పలుచగా, సమంగా పరవండి. మందంగా పోస్తే గింజలు జారి ఉంగరంతో గీసిన గీత పూడిపోతుంది. పేరు కాస్త పైనుంచి మొదలుపెట్టండి, ర కింద ణ వత్తుకు చోటు మిగలాలి.