ఒంటి కుందేలు మౌనం

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు జంతువుల ఎంపిక గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, రోజంతా ఇంట్లో ఉండలేనివారికి కుందేలు అనువైన జీవి అనీ, అది అరవదనీ, ఎవరి తోడూ కోరదనీ, ఒక మూల బోను పెట్టి వేళకు మేత వేస్తే చాలుననీ రాశారు. అందులో అరవదన్న మాట ఒక్కటే నిజం. ఇలాంటి సలహానే నమ్మి ఎనిమిదేళ్ల కిందట నేను ఒక మగ కుందేలును తెచ్చుకుని మూడేళ్లపాటు ఒంటరిగా ఉంచాను. దానికి నేను ఏ లోటు చేశానో చాలా ఆలస్యంగా అర్థమైంది కనుక, ఆ వ్యాసం చదివినవారు ఒక్క కుందేలును ఇంటికి తెచ్చుకోకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ అపోహకు కొంతవరకు మన మాటే కారణమేమో అనిపిస్తుంది. తెలుగులో కుందేలు అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు జీవులను పిలుస్తాం. పొదల్లో, బయళ్లలో తిరిగే అడవి కుందేలు చాలావరకు ఒంటరిగానే బతుకుతుంది; అది బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న పల్లం చేసుకుని పడుకుంటుంది, దాని పిల్లలు కళ్లు తెరుచుకుని ఒంటినిండా బొచ్చుతో పుడతాయి. ఇళ్లలో పెంచుకునేది ఆ జీవి కాదు. స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పంలోనూ దక్షిణ ఫ్రాన్స్‌లోనూ పుట్టిపెరిగిన యూరోపియన్ కుందేలు సంతతి అది. ఆ జాతి నేల కింద ఒకదానిలోకి ఒకటి దారితీసే బొరియలు తవ్వుకుని గుంపుగా కాపురముంటుంది. పెంపకంలో రంగులు మారాయి, చెవులు వాలాయి, ఒళ్లు పెరిగింది గానీ, తోడు కోరే గుణం మాత్రం పోలేదు.

ఆ గుణం ముచ్చట కోసం ఏర్పడింది కాదు. కుందేలు వేటాడే జంతువులకు ఆహారమయ్యే జీవి. గుంపులో ఒకటి మేస్తుంటే మరొకటి చెవులు రిక్కించి చూస్తుంటుంది. ప్రమాదం పసిగట్టినది వెనక కాలితో నేలను గట్టిగా తన్ని మిగతావాటిని హెచ్చరిస్తుంది. ఆ కాపలా ఉన్నప్పుడే కుందేలు కాళ్లు చాపుకుని నిశ్చింతగా నిద్రపోగలుగుతుంది. ఒంటరిగా ఉన్న కుందేలు తన కాపలా తానే కాసుకోవాలి. పైగా తన నాలుకకు అందని నుదుటినీ కళ్ల చుట్టూ ఉన్న చోటునూ నాకి శుభ్రం చేసే మరో కుందేలు దానికి ఉండదు. తల వంచి నుదురు ముందుకు పెట్టి అది మన ముందు నిలబడితే ముద్దు చేయమంటోందని మురిసిపోతాం. నిజానికి అది అడుగుతున్నది తోటి కుందేలు చేయవలసిన పనినే.

ఇది పెంపకందారుల భావుకత కాదు. ప్రయోగశాలలోని ఆడ కుందేళ్లకు బరువైన తలుపును నెట్టుకుని వెళ్తేనే మరో కుందేలును కలుసుకునే వీలు కల్పించి చూసినప్పుడు, అవి దాదాపు ఆహారం కోసం పడినంత శ్రమా తోడు కోసం పడ్డాయి. బ్రిటన్‌లోని ఒక జంతు సంరక్షణ కేంద్రంలో జరిపిన పరిశీలన 2020లో వెలువడింది. అక్కడ ఒంటరిగా ఉంచిన కుందేళ్లలో బోను ఊచలు కొరకడం కనిపించింది, జంటగా ఉన్నవాటిలో అది కనిపించలేదు. ఒంటరివాటి శరీర ఉష్ణోగ్రత కూడా జంటలకన్నా తక్కువగా ఉంది.

ఆ ఊచలు కొరికే చప్పుడు నాకు బాగా తెలుసు. మా కుందేలు తెల్లవారుజామున మొదలుపెట్టేది. మేత కోసమనుకుని లేచి ఎండుగడ్డి వేసేదాన్ని. వాసన చూసి వదిలేసి మళ్లీ ఊచల దగ్గరికి వచ్చేది. పగలంతా ఒకే మూల ముడుచుకుని ఉండేది, దాన్ని నేను నెమ్మదితనం అనుకున్నాను. ముంగాళ్ల మీద బొచ్చు పలచబడ్డాక వైద్యురాలికి చూపించాను. ఆవిడ పళ్లు, చర్మం, పొట్ట అన్నీ పరీక్షించి, జబ్బేమీ లేదని తేల్చుకున్న తర్వాత, ఇంట్లో ఇంకో కుందేలు ఉందా అని అడిగారు. ఆ క్రమాన్ని ఇక్కడ నొక్కి చెప్పాలి. మందకొడితనం, బొచ్చు పీక్కోవడం, మీదికి రావడం నొప్పికీ గుర్తులు కావచ్చు. ముఖ్యంగా కుందేలు పన్నెండు గంటలు ఏమీ తినకపోతే పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు తోడు గురించి ఆలోచించే సమయం కాదు, వెంటనే వైద్యం చేయించాలి.

మేము ప్రేమగా చూసుకుంటాం, అది చాలదా అని చాలామంది అడుగుతారు. వారి ప్రేమను నేను శంకించడం లేదు. కానీ కుందేలు ఎక్కువ చురుకుగా ఉండేది తెల్లవారుజామునా సంధ్యవేళా. ఆ వేళల్లో మనం నిద్రలోనో పనిలోనో ఉంటాం. రాత్రంతా దాని పక్కన ఒళ్లు ఆనించి పడుకోవడం మన వల్ల కాదు. గినీ పిగ్ అనే చిన్న పెంపుడు జంతువును దానికి జతచేయడం అంతకన్నా పొరపాటు. వాటి మేత వేరు, గినీ పిగ్‌కు ఆహారంలో విటమిన్ సి తప్పనిసరి. కుందేలు తన్నితే దానికి గాయాలవుతాయి, కుందేలుకు ఏ హానీ చేయకుండా ఉండే బ్యాక్టీరియా దానికి శ్వాసకోశ వ్యాధి తెప్పించగలదు.

అయితే తోడు కావాలన్నాను కదా అని రేపే ఇంకొకదాన్ని తెచ్చి అదే బోనులో వదిలితే ఘోరం జరగవచ్చు. పరిచయం లేని కుందేళ్లు పీకలమీదికి వచ్చేలా పోట్లాడుకుంటాయి. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన మగ కుందేలు, ఆడ కుందేలు జంట సాధారణంగా తేలికగా కుదురుతుంది. మగదానికి శస్త్రచికిత్స తర్వాత కూడా కొన్ని వారాలపాటు సంతాన శక్తి మిగిలి ఉంటుంది కనుక ఆరు వారాలు ఆడదానికి దూరంగా ఉంచడం క్షేమం. కుందేలు గర్భం సుమారు 31 రోజులే, ఈనిన వెంటనే మళ్లీ కట్టగలదు. ఈ విషయంలో తొందరపడితే ఇంటినిండా దిక్కులేని పిల్లలే. ఆడదానికి వయసు పెరిగేకొద్దీ వచ్చే గర్భాశయ క్యాన్సర్ ముప్పు కూడా శస్త్రచికిత్సతో తప్పుతుంది.

మా ఇంట్లో రెండేళ్ల వయసున్న ఆడ కుందేలు వచ్చింది, ఎవరో పెంచలేక వదులుకున్నది. రెండింటినీ ఒకదాన్నొకటి చూసుకునేలా, కరుచుకోలేనంత ఎడంగా పక్కపక్కన ఉంచాం. రోజూ వాటి పక్కగడ్డి అటూ ఇటూ మార్చేవాళ్లం, వాసన అలవాటు కావాలని. ఆ తర్వాత రెండూ ఎప్పుడూ అడుగుపెట్టని గదిలో కొద్ది నిమిషాలు కలిపాం. తరుముకోవడం, మీదికెక్కడం మామూలే, అవి పెద్ద చిన్న తేల్చుకునే తీరు. ఒకదాన్నొకటి పట్టుకుని ఉండచుట్టి దొర్లితే మాత్రం వెంటనే విడదీయాలి, ఒట్టి చేతులతో కాదు, మందపాటి తువ్వాలుతో. ఏడు వారాలు పట్టింది. ఒక సాయంత్రం మగది వెళ్లి తల నేలకు ఆనించి దాని ముందు కూర్చుంది. ఆడది చాలాసేపు కదలలేదు, చివరకు దాని నుదురు నాకడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఊచల చప్పుడు నేను వినలేదు. మూడేళ్లలో ఒక్కసారైనా గాల్లోకి ఎగిరి ఒళ్లు తిప్పని కుందేలు, ఆ నెలలోనే గది పొడవునా గెంతింది.

నాలుగేళ్లు కలిసి ఉన్నాక మగది పోయినేడు చనిపోయింది. కళేబరాన్ని వెంటనే తీసేయవద్దని వైద్యురాలు చెప్పడంతో ఆడదాని దగ్గరే కొన్ని గంటలు ఉంచాం. అది వాసన చూసింది, చెవులు నాకింది, పక్కన పడుకుంది, ఆ తర్వాత తానే లేచి దూరంగా వెళ్లింది. రెండు రోజులు తిండి సరిగా తినకపోతే దగ్గర కూర్చుని ఆకులు అందించాం. మూడు నెలలకు, శస్త్రచికిత్స అయిన మరో మగ కుందేలు జత కుదిరింది.

చట్టాలు కొన్నిచోట్ల ఈ విషయాన్ని గుర్తించాయి. బ్రిటన్ 2006 జంతు సంక్షేమ చట్టం, ఇతర జంతువులతో కలిపి గానీ విడిగా గానీ ఉంచవలసిన అవసరాన్ని పెంపుడు జీవి అవసరాల్లో ఒకటిగా చేర్చింది. స్విట్జర్లాండ్ నిబంధనలు గినీ పిగ్‌లను ఒంటరిగా ఉంచకూడదంటాయి, కుందేలు పిల్లలను మాత్రం సాధారణంగా మొదటి ఎనిమిది వారాలు ఒంటరిగా ఉంచరాదని ఆగిపోయాయి. ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతికే జీవికి ఎనిమిది వారాల తోడు ఏ మూలకు?

మీ వ్యాసానికి సవరణ వేయమని నా విన్నపం. కుందేలును పెంచదలచినవారు రెండింటిని పెంచే ఆలోచనతోనే మొదలుపెట్టాలనీ, జంటకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న చోటు, రెండింటి శస్త్రచికిత్సకయ్యే ఖర్చు, జత కుదిరేదాకా వేచి ఉండే ఓపిక ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలనీ అందులో చేర్చండి. ఇప్పటికే ఒక్క కుందేలుతో ఉన్నవారు కొత్త పిల్లను కొనేకన్నా, వదిలేసిన పెద్ద కుందేళ్లలో దానికి జతను వెతకమనీ చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకురాలు