ఒక్క టీచరుతో ఐదు తరగతులా?

సంపాదకులకు,

శ్రీకాకుళం జిల్లా తీరాన మత్స్యకారులు, కూలీలు నివసించే మా పేటలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఐదు తరగతులకూ ఒక్క ఉపాధ్యాయురాలే ఉన్నారు. అరవై మంది లోపు పిల్లలున్న బడికైనా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెబుతోంది. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూనే, వరండాలో కూర్చున్న ఐదో తరగతి పిల్లలకు భాగహారాలు ఇచ్చి, మధ్యలో లేచి మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లో ఎక్కించవలసిన ఆమెను తప్పుపట్టడం అన్యాయం; ఆవిడ ఓపికకు మేమంతా రుణపడి ఉన్నాం. ఆమె సెలవు పెడితే మాత్రం బడికి తాళమే.

అంతకన్నా పెద్ద బాధ వలస. వేటకు గుజరాత్‌లోని వెరావల్‌కు, భవన నిర్మాణ పనులకు చెన్నై, హైదరాబాద్‌లకు వెళ్లే కుటుంబాలు, ఇంటి దగ్గర చూసుకునే పెద్దవాళ్లు లేకపోతే పిల్లలనూ వెంట తీసుకుపోతాయి. నెలల తరబడి బడికి దూరమైన పిల్లవాడు తిరిగొచ్చేసరికి గుణింతాలు మరిచిపోయి, తోటివారి ముందు చదవలేక సిగ్గుపడి, చివరికి వలలు బాగుచేసే పనిలో కుదురుకుంటున్నాడు. అలాంటి పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అదే చట్టం చెప్పింది. ఒక్క టీచరుతో అది ఎలా సాధ్యం? జిల్లా విద్యాశాఖ అధికారులు వెంటనే రెండో ఉపాధ్యాయుణ్ని నియమించి, వలస కాలంలో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టల్ తెరవాలని కోరుతున్నాం.

– ఒక విద్యార్థి తండ్రి, శ్రీకాకుళం జిల్లా