ముద్ర పడని కార్డు

కావలి,
ఆదివారం

చిరంజీవి బుజ్జమ్మకు నాయన ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది, మిద్దె మెట్లు ఎక్కగలుగుతోంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు మంచం మీద మర్చిపోయిన పుస్తకం చదివాను. మార్క్ హాడన్ రాసిన 'ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్‌టైమ్'. మర్చిపోయావో, నేను చదవాలనే వదిలిపోయావో నేను అడగను. నాకు నెలా పదిరోజులు పట్టింది. రోజుకు ఆరేడు పేజీలు, పక్కన ఫోన్లో డిక్షనరీ. మొదట్లో ఒకటో అధ్యాయం కనపడక, రెండుతో మొదలయ్యేసరికి పేజీలు చినిగిపోయాయేమోనని కుట్టు విప్పదీసి చూశాను. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు. కథ చెప్పే పిల్లాడికి ప్రధాన సంఖ్యలంటే ఇష్టమని, తన పుస్తకంలో అధ్యాయాలకు అవే వేసుకున్నాడని తర్వాత తెలిసింది. లెక్కల్లో నువ్వూ అంతే గదా, అందుకే నీకు నచ్చి ఉంటుంది.

చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో రోజుకొకటి తెచ్చుకుని డిటెక్టివ్ నవలలు చదివినవాణ్ణి నేను. వాటిల్లో హంతకుడు చివరి పేజీలో దొరుకుతాడు. ఇందులో సగానికే దొరికిపోయాడు. పక్కింటి కుక్క వెల్లింగ్టన్‌ను అర్ధరాత్రి తోట పని చేసుకునే ఇనుప ముళ్ళ పారతో పొడిచి చంపింది ఎవరా అని పదిహేనేళ్ళ క్రిస్టఫర్ వెతుకుతాడు. నేనూ వాడిలాగే ఆ కుక్క యజమానురాలి మొగుణ్ణే అనుమానించాను. చంపింది వాడి నాన్నే అని తెలిసినప్పుడు పుస్తకం మూసి బయటికొచ్చి కొళాయి దగ్గర కూర్చున్నా. మీ అమ్మ, ఏమయిందని అడిగింది. ఏం లేదన్నాను.

అంతకుముందే ఇంకో సంగతి బయటపడుతుంది. నాకు కుక్క కంటే అదే పెద్దది. అమ్మ గుండె జబ్బుతో చనిపోయిందని ఆ నాన్న పిల్లాడికి చెప్పి ఉంటాడు. పోయిన తన నోటు పుస్తకం వెతుక్కుంటా క్రిస్టఫర్ నాన్న గదిలో బీరువా తెరుస్తాడు. చొక్కా వచ్చే అట్టపెట్టె ఒకటి, దాన్నిండా ఉత్తరాలు, అన్నీ వాడి పేరుకే. కవరు మీద తారీఖు చూస్తాడు. అమ్మ పోయిందన్న పద్దెనిమిది నెలల తర్వాతది!

ముప్పై నాలుగేళ్ళు పోస్టుమాన్‌గా తిరిగినవాణ్ణి బుజ్జమ్మా. లోపలి రాతలో మనిషి ఏమైనా చెప్పొచ్చు, డేట్ స్టాంపు అబద్ధం చెప్పదు. ఆ పేజీలో నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అమ్మ ప్రతి ఉత్తరం పైన లండన్‌లో తనుండే చోటు ఇంటి నెంబరుతో, పిన్ కోడ్‌తో సహా రాసింది. మనుషులు తాకితే అరిచే పిల్లాడు, కొత్త చోటికి పోవాలంటే వణికే పిల్లాడు ఒంటరిగా రైలెక్కి లండన్ దాకా పోయి అమ్మను చేరుకున్నాడంటే ఆ చిరునామా వల్లే. ఆ రైలు ప్రయాణం చదువుతుంటే నాకు ఊపిరాడలేదు. మిగతా పుస్తకమంతా ఒకెత్తు, అదొకెత్తు.

ఇతరుల ఉత్తరం దాచడం మా డిపార్టుమెంటులో మహా నేరం. అప్పట్లో 1898 నాటి తపాలా చట్టం ప్రకారం ఉత్తరం దాచినా, పారేసినా ఉద్యోగికి ఏడేళ్ళ దాకా జైలు ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే మాకు అది చెప్పారు. అందుకే ఆ తండ్రి మీద ముందు నాకు మంట పుట్టింది. రెండు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. మూడో రోజు తెలిసింది, మంట అతని మీద కాదని.

2014 మార్చిలో నువ్వు నెల్లూరు హాస్టల్లో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాస్తా ఉన్నప్పుడు అవ్వ పోయింది. నీకు చెప్పలేదు. పరీక్షలన్నీ అయినాక చెప్పాను, నువ్వు ఏడాది నాతో సరిగా మాట్లాడలేదు. ఇదంతా నీకు తెలిసిందే. ఆ రోజు ఇంటికొచ్చినవాళ్ళంతా, 'పాప రాలేదే' అన్నారు. 'పరీక్షలు' అన్నాను. అందరూ తలూపారు. ఒక్కరూ తప్పన్నారు కాదు. అందరూ తలూపినందువల్ల నేను చేసింది సరైనదే అనుకుంటా పదేళ్ళు పైన గడిపాను.

కర్మ అయినాక గుండుతో నిన్ను చూడటానికొచ్చాను, గుర్తుందా? టోపీ పెట్టుకునే వచ్చాను. నువ్వు టోపీ తీసి, గుండేంది నాయనా అన్నావు. తిరపతి మొక్కు అన్నాను. 'మరి లడ్డు?' అన్నావు. అయిపోయిందన్నాను. నువ్వు కాసేపు నా మొహం చూసి, అవ్వ బాగుందా అని అడిగావు. బాగుంది, నిన్నే కలవరిస్తోంది అన్నాను.

ఈ పుస్తకం పేరు షెర్లాక్ హోమ్స్ కథలోదని నెట్‌లో చూశాను. 'సిల్వర్ బ్లేజ్' అనే కథ, 1892లో వచ్చిందంట. రాత్రి కుక్క ఏం చేసింది అంటే, ఏమీ చెయ్యలేదు, మొరగలేదు. అదే ఆధారం. గుర్రాన్ని తోలుకుపోవడానికి వచ్చినవాడు కుక్కకు తెలిసినవాడు కాబట్టే అది మొరగలేదు. అది చదివినప్పుడు నాకు లడ్డు గుర్తొచ్చింది. పదిహేడేళ్ళ పిల్లవి, తండ్రి తిరపతి నుంచి వట్టి చేతులతో రాడని నీకు తెలుసు. ఆ రోజే నువ్వు కనిపెట్టావని నాకిప్పుడు అనిపిస్తోంది. కనిపెట్టి, నాకోసం ఊరుకుని, పోయి పరీక్ష రాశావు. అది నిజమైతే నువ్వు మోసిన బరువు ముందు నేను మోసింది ఏ పాటిది?

చెబితే పరీక్ష పోతుందనే గదా నా భయం. నీ ఇంజనీరింగ్ సీటు, నా ఆశ, అంతా దాని మీదే నిలబడి ఉన్నాయనుకున్నా. ఈ పుస్తకంలో క్రిస్టఫర్‌కు కూడా లెక్కల పరీక్ష ఉంది, ఎ లెవెల్ అని, అక్కడ మన ఇంటర్ లాంటిది. అమ్మ బతికుందని, నాన్న అబద్ధాలాడాడని, కుక్కను చంపాడని అన్నీ తెలిసి, నిద్ర లేక, సరిగ్గా తిండి లేక పోయి రాశాడు. ఎ గ్రేడ్ వచ్చింది. ఆ పేజీ దగ్గర నా సాకులు అన్నీ అయిపోయాయి.

చివర్లో ఆ తండ్రి వంటింటి టైమరు ఐదు నిమిషాలకు పెట్టుకుని, అంతవరకే మాట్లాడతాను, తర్వాత పోతాను అని కొడుకును బతిమాలుకుంటాడు. నమ్మకం మళ్ళీ సంపాదించుకోవడానికి ఎంత కాలమైనా పడుతుందంటాడు. పిల్లాడికి కౌగిలింత పడదు గనక ఇద్దరూ చేతి వేళ్ళు విసనకర్రలాగా విప్పి, వేళ్ళు వేళ్ళకు ఆనించుకుంటారు. ఆ కుక్కను చంపినందుకు నేనతన్ని క్షమించలేను. కానీ ఆ టైమరు పట్టుకుని కూర్చున్న మనిషిని నేనెరుగుదును.

ఇప్పుడు నీకు తెలియని మాట చెప్తాను. అవ్వకు ఫోన్లో నీ మాట వినపడేది కాదు. హాస్టల్లో ఫోనూ ఉండనిచ్చేవాళ్ళు కాదు. పోయే ముందు వారం నన్ను పిలిచి, 'కార్డు ఒకటి తీసుకోరా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి' అంది. యాభై పైసల కార్డు. మంచం పక్కన కూర్చుని రాశాను. నన్ను గురించి కూడా ఒక మాట అంది, 'మీ నాయన వద్దంటాడు, నువ్వే రా' అని. అదీ నా చేత్తోనే రాశా. చివర్న వేలిముద్ర వేసింది. 'ఈరోజే డబ్బాలో వెయ్యి' అంది. వేశానని చెప్పాను. ఆ తర్వాత రోజూ, జవాబొచ్చిందా అని అడిగేది. దారిలో ఉందమ్మా అనేవాణ్ణి.

ముప్పై నాలుగేళ్ళలో ఊరందరి ఉత్తరాలూ ఎవరివి వాళ్ళకు చేర్చాను. తుమ్మలపెంట రోడ్డులో వానకు సైకిల్ బోల్తా పడితే ముందు సంచి చూసుకున్నాను, తర్వాత మోచెయ్యి. మా అమ్మ కార్డు మటుకు నా పెట్టెలో ఉండిపోయింది. డబ్బాలో వెయ్యని కార్డు తపాలా కాదు, ఏ చట్టానికీ నేను దొరకను. నీకు దొరకాలని ఇది రాస్తా ఉండాను.

ఉగాదికి వస్తావా రావా అని అడగను. కార్డు ఈ కవర్లోనే పెడుతున్నాను, కాస్త పసుపు పట్టింది, మడత పడకుండా మధ్యలో అట్టముక్క పెట్టాను. స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మనిషి వస్తే నువ్వే సంతకం పెట్టి తీసుకో.

నాయన